ఏళ్లు గడిచినా బొమ్మ ఎందుకు మారదు?

బొమ్మలు నేర్చుకోవాలనుకునేవాళ్ళకు చెన్నైలో వసతులకేం లోటు లేదు. పెరియమేడులో 1850లో మొదలైన ప్రభుత్వ లలిత కళల కళాశాల ఉంది. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలూ చోళుల కంచు విగ్రహాలూ ఉన్నాయి. ఈసీఆర్ మీద చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. పేటకో డ్రాయింగ్ క్లాసు సరేసరి. టీ నగర్ నుంచి షోళింగనల్లూరు దాకా, బడిపిల్లల నుంచి ఐటీ ఉద్యోగుల దాకా పెన్సిల్ పట్టిన తెలుగువాళ్ళూ తక్కువేమీ కాదు. అయినా మూడేళ్ల కిందటి స్కెచ్‌బుక్కునూ నిన్నటి స్కెచ్‌బుక్కునూ పక్కపక్కన పెట్టి చూస్తే, చాలామంది విషయంలో కొట్టొచ్చినట్టు మారింది కాగితం నాణ్యత ఒక్కటే. గీత కాస్త శుభ్రపడుతుంది, షేడింగ్ నునుపెక్కుతుంది. కళ్ళు మాత్రం ఇంకా నుదుటి మీదకే ఎక్కి కూర్చుంటాయి. కుర్చీ నాలుగు కాళ్ళూ ఇంకా ఒకే నేల మీద ఆనవు.

దీన్ని ప్రతిభ లేకపోవడం అని సరిపెట్టుకుంటారు, లేదా సాధన చాలలేదంటారు. రెండూ తొందరపాటు మాటలే. రోజూ గంటసేపు గీసేవాళ్ళు కూడా ఇలాగే ఆగిపోతున్నారు కనుక లోపం గంటల్లో లేదు. గీసిన బొమ్మలో తప్పెక్కడుందో గీసినవాళ్ళకు తెలిసే ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం.

సాధన మీద అందరూ ఎత్తిచూపే పరిశోధన 1993 నాటిది. మనస్తత్వ శాస్త్రవేత్త అండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు ఇద్దరు బెర్లిన్‌లోని సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థులను పరిశీలించారు. అక్కడి నుంచే పదివేల గంటల లెక్క పుట్టి ఊరంతా పాకింది. అది ఉత్తమ విద్యార్థులు ఇరవై ఏళ్ల వయసు వచ్చేసరికి చేసిన సాధనకు సగటు మాత్రమే, గీటురాయి కాదని ఎరిక్సనే తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పరిశోధనలో పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఇప్పుడు చేతకాని ఒక చిన్న అంశాన్ని ఎంచుకోవడం, దాని మీదే మనసు పెట్టి చేయడం, తప్పు వెంటనే తెలుసుకోవడం, దిద్ది మళ్ళీ చేయడం: ఈ నాలుగూ ఉన్నదే సాధన. అలాంటి సాధన ఎంత దిట్టలకైనా రోజుకు నాలుగు గంటలకు మించి సాగదని కూడా అందులోనే తేలింది.

అయితే వయొలిన్‌కూ పెన్సిల్‌కూ ఒక తేడా ఉంది. అపశ్రుతి పలికితే వాయించేవాడి చెవికే ముందు తగులుతుంది. వంకర పోయిన గీత కిక్కురుమనదు. పైగా గంటసేపు దాన్నే చూస్తూ కూర్చుంటే కన్ను ఆ వంకరకు అలవాటు పడిపోయి అదే సరైనదని నమ్ముతుంది. కాబట్టి బొమ్మ నేర్చుకునేవాళ్ళు గీయడం ఎంత నేర్చుకోవాలో, గీసినదాన్ని పరీక్షించడం అంతే నేర్చుకోవాలి. చాలా క్లాసుల్లో మొదటిది చెబుతారు, రెండోది మాస్టారు తన చేతిలో పెట్టుకుంటారు. ఆయన వచ్చి దిద్దిపోతారు. దిద్దింది ఎందుకో తెలియకుండానే షీటు మారిపోతుంది.

బల్ల మీద పరిచిన కాగితం

మొదటి తప్పు గీత పడకముందే మొదలవుతుంది. డైనింగు టేబులు మీద ఏ3 కాగితాన్ని పడుకోబెట్టి గీస్తే, కాగితం పై అంచు కింది అంచు కంటే కంటికి చాలా దూరంలో ఉంటుంది, ఏటవాలుగా కనిపిస్తుంది. అక్కడ గీసినవి పొట్టిగా కనబడతాయి గనుక చేయి తెలియకుండానే వాటిని సాగదీస్తుంది. తీరా బొమ్మను గోడకు ఆనించి రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే నుదురు పెరిగి, తల పైకి లాగినట్టుంటుంది. దీన్ని ముఖ నిష్పత్తుల తప్పు అనుకుని నెలల తరబడి ముఖాలు గీసేవాళ్ళున్నారు. 45 నుంచి 60 డిగ్రీల వాలులో బోర్డు పెట్టుకుంటే ఈ తప్పు ఆ రోజే పోతుంది. ఒళ్ళో ఒక అంచు, బల్ల అంచు మీద ఇంకో అంచు ఆనించిన ప్లైవుడ్ ముక్క చాలు. రెండు బుల్‌డాగ్ క్లిప్పులు ఉంటే ఈజిల్ అక్కర్లేదు.

పెన్సిళ్ళు మూడు చాలు: హెచ్‌బీ, 2బీ, 6బీ. ఈ వరుసలో ముందుకు పోయేకొద్దీ పెన్సిల్ మెత్తబడుతుంది, గీత నల్లబడుతుంది. పన్నెండు పెన్సిళ్ళ డబ్బా కొనడం వల్ల జరిగే నష్టం డబ్బు కాదు; ఏ నలుపుకు ఏ పెన్సిల్ అన్న ఆలోచనతోనే సమయం గడిచిపోతుంది. కాగితం 140 జీఎస్ఎం కాట్రిడ్జి (మందపాటి డ్రాయింగు కాగితం) అయితే నాలుగైదుసార్లు చెరిపినా పీచు లేవదు. వేగంగా గీసే స్కెచ్‌లకు న్యూస్‌ప్రింటు చాలు. చెన్నై ఉక్కలో అరచేయి చెమటకు గ్రాఫైటు అలుక్కుపోతుంది కాబట్టి చేయి కింద ఒక చిత్తు కాగితం తప్పనిసరి.

గీత విషయం త్వరగా చెప్పుకోవచ్చు. రెండు చుక్కలు పెట్టి, పెన్సిల్ కాగితానికి తగలకుండా రెండు మూడుసార్లు గాలిలో ఆ దారి తిప్పి, ఒక్క ఊపులో కలపాలి. పది సెంటీమీటర్లు దాటిన గీతకు మణికట్టు పనికిరాదు, భుజం కదలాలి. మణికట్టుతో గీసిన పొడవాటి గీత విల్లులా వంగుతుంది, ఎందుకంటే మణికట్టు ఒక కీలు, దాని చుట్టూ వేళ్ళు తిరిగేది వలయంలోనే. రోజూ ఐదు నిమిషాలు ఇది చేస్తే మూడు నెలల్లో చేయి మాట వింటుంది. అంతకు మించి ఇక్కడ గడపడం కాలక్షేపం.

కొలత

కన్ను కొలవదు, తెలిసినదాన్ని ఊహిస్తుంది. తలలో కళ్ళుండేది సరిగ్గా సగం ఎత్తులో. జుట్టు, నుదురు మనకు ముఖ్యంగా తోచవు కాబట్టి ఆ భాగాన్ని కుదించి కళ్ళను పైకి నెట్టేస్తాం. ఇది అందరూ చేసే తప్పు. దాన్ని జయించడానికి చేయి చాచి పెన్సిల్‌తో కొలవడం పాత పద్ధతే, కానీ సగం మంది తప్పుగా చేస్తారు. ఒక కన్ను మూయాలి, మోచేయి బిగించి చాచాలి, వీపు కదలకూడదు. మోచేయి కొద్దిగా మడిచి పెన్సిల్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి 54కు తెచ్చినా కొలత పది శాతం తగ్గిపోతుంది. ఒక కొలత చేయి చాచి, ఇంకో కొలత చేయి మడిచి తీస్తే రెండూ కలవవు, కొలవకపోవడమే నయం.

కొలిచేది సెంటీమీటర్లను కాదు, ఒకదానితో ఒకదాన్ని. కుర్చీ వెడల్పు దాని ఎత్తులో ఎన్నో వంతు? వీపు ఆనే భాగం సీటు లోతుకు ఎన్ని రెట్లు? ఇలాంటి ప్రశ్నలు నాలుగైదు బొమ్మ మొదట్లోనే తేలాలి. కోణాలకు గడియారం ముల్లును ఊహించుకోవడం తేలిక: ఆ కాలు ఏడు గంటల మీదుందా, ఏడున్నర మీదా? చివరగా కుర్చీ కాళ్ళ మధ్య ఖాళీ ఆకారాలను చూడాలి. కుర్చీ గురించి మనసుకు ఏవో అభిప్రాయాలుంటాయి, కాళ్ళ మధ్య ఖాళీ గురించి ఏమీ ఉండవు. అందుకే ఖాళీని గీస్తే కుర్చీ సరిగ్గా వస్తుంది.

పరీక్షకు ఫోన్ చాలు. గీయడం మొదలుపెట్టే ముందు కన్ను ఉన్న చోటనే ఫోన్ పెట్టి, వస్తువు ఫ్రేము మధ్యలో వచ్చేలా ఒక ఫొటో తీసి, చూడకుండా పక్కన పెట్టాలి. బొమ్మ పూర్తయ్యాక దాన్నీ ఫొటో తీసి రెంటినీ ఒకే ఎత్తుకు సరిచేసి పక్కపక్కన చూడాలి. పర్‌స్పెక్టివ్‌ను, అంటే దూరాన్ని బట్టి వస్తువులు కనిపించే తీరును, నిర్ణయించేది కెమెరా ఉన్న చోటే కాబట్టి ఈ పోలిక నమ్మదగ్గదే. ఫ్రేము అంచుల్లో మాత్రం ఫోన్ లెన్సు సాగదీస్తుంది. ముందే ఫొటో చూసేస్తే పరీక్ష కాస్తా నకలు అయిపోతుంది.

ఒక స్టీలు గ్లాసు

మొదటి ఏడాది ఏం గీయాలన్న ప్రశ్నకు ఫిల్టరు కాఫీ తాగే స్టీలు గ్లాసును మించిన జవాబు లేదు. దీర్ఘవృత్తం, అక్షం, మెరుపు అన్నీ అందులోనే ఉన్నాయి, పైగా అది కదలదు.

గ్లాసు మూతి గుండ్రంగా ఉందని తెలుసు, పక్క నుంచి చూస్తే కోలగా కనిపిస్తుందనీ తెలుసు. అడుగు మాత్రం బల్ల మీద ఆనుతుంది కదా, అందుకని చాలామంది అడ్డగీత గీసేస్తారు, లేదా మూతి కంటే చదునుగా వంపు తిప్పుతారు. జరగాల్సింది తలకిందులు. పది సెంటీమీటర్ల గ్లాసు బల్ల మీద, కంటికి యాభై సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. కన్ను బల్ల నుంచి 35 సెంటీమీటర్ల పైన ఉంది. అప్పుడు మూతి కంటికి 25 సెంటీమీటర్ల కిందుంది, అడుగు 35 కిందుంది. మూతిని సుమారు 27 డిగ్రీల కోణంలో చూస్తున్నాం, అడుగును 35 డిగ్రీల కోణంలో. ఫలితంగా మూతి దీర్ఘవృత్తం ఎత్తు దాని వెడల్పులో 45 శాతం ఉంటే, అడుగు దీర్ఘవృత్తం ఎత్తు 57 శాతం ఉంటుంది. కంటి మట్టం నుంచి కిందికి దిగేకొద్దీ వృత్తం గుండ్రదనం పెరుగుతుందన్నమాట. ఈ ఒక్క సంగతి పట్టుబడితే బిందె, కుండ, స్తంభం, చొక్కా చేతి అంచు, మెడలో గొలుసు అన్నీ దారికొస్తాయి.

ఇక దీర్ఘవృత్తంలో తరచూ కనిపించే తప్పులు రెండు. చివర్లు చేప మూతిలా కోసుగా రావడం ఒకటి. పై వంపు, కింది వంపు విడివిడిగా గీసి అంచుల్లో అతికించడం దీనికి కారణం. ఆగకుండా రెండు మూడుసార్లు తిప్పితే పోతుంది. అక్షం తప్పడం రెండోది: దీర్ఘవృత్తం పొట్టి అక్షం గ్లాసు నిలువు అక్షంతో ఒకే గీత మీద ఉండాలి. గ్లాసును పక్కకు పడుకోబెట్టి గీస్తే ఈ తప్పు బయటపడుతుంది; నిలబెట్టినప్పుడు అదృష్టం కొద్దీ దాగిపోతుంది.

మెరుపు సంగతికొస్తే, స్టీలు అనగానే అంతటా తెల్లగా వదిలేసి బూడిదరంగు పూస్తారు. గ్లాసు మెరిసేది తెలుపు వల్ల కాదు. కిటికీ వెలుగు పక్కనే గది చీకటి నిలువు పట్టీగా ప్రతిబింబించి, మధ్యలో మెత్తటి టోన్ (ముదురుకూ లేతకూ మధ్య స్థాయి) లేకుండా రెండూ ఒరుసుకోవడం వల్ల మెరుస్తుంది. పట్టీని 6బీతో పూర్తి నలుపుకు తీసుకెళ్ళేదాకా స్టీలు కాదు, అల్యూమినియమే వస్తుంది.

ఇలా వారానికి రెండు గ్లాసులు, ప్రతిసారీ ఒకే ప్రశ్నతో గీయడం మంచి పద్ధతి. షీటు మూలన ముందే రాసుకోవాలి: ఈ రోజు అడుగు గుండ్రదనం. గీశాక దాని కిందే జవాబు: ఇంకా చదునుగా ఉంది, లేదా సరిపోయింది. ఆ షీటులో మెరుపు పాడైనా పట్టించుకోనక్కర్లేదు. అన్నీ ఒకేసారి సరిగ్గా రావాలనుకునేవాళ్ళు దేన్నీ దిద్దుకోలేరు.

వెలుగు

రెండో ఏడాది ఎక్కువగా టోన్‌కు పోతుంది, పోవాలి కూడా. తెల్ల కాగితం మీద కోడిగుడ్డు, ఒక పక్క నుంచి టేబుల్ ల్యాంపు. గదిలో రెండు గోడలకూ ట్యూబ్‌లైట్లుంటే నీడలు రెండు మూడు పడి అంతా కలగాపులగం అవుతుంది, ఆపేయాలి. కళ్ళు సగం మూసి చూస్తే వివరాలు పోయి రెండు భాగాలే మిగులుతాయి: వెలుగు పక్క, నీడ పక్క. ముందు ఆ రెంటినీ విడగొట్టే గీత, తర్వాత నీడ పక్కంతా ఒకే సమమైన టోన్, ఆ తర్వాతే మధ్యస్థాయిలు. మొత్తం ఐదు స్థాయిలు మించనక్కర్లేదు.

ఇక్కడ పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. నీడలో, అంచు దగ్గర, కాగితం నుంచి తిరిగొచ్చే వెలుగు కనిపిస్తుంది. చుట్టూ చీకటి ఉండడంతో అది కంటికి ఉన్నదానికంటే ప్రకాశంగా తోస్తుంది. దాన్ని అలాగే తెల్లగా వదిలితే గుడ్డు గుండ్రదనం పోయి గుల్లలా కనబడుతుంది. నీడ పక్కలో ఎంత వెలుగున్న భాగమైనా వెలుగు పక్కలోని అతి మసక భాగం కంటే ముదురుగానే ఉండాలి. రెండో తప్పు భయం. హెచ్‌బీతో మొదలై హెచ్‌బీతోనే ముగిసే బొమ్మల్లో అసలు నలుపే ఉండదు, అంతా మబ్బు పట్టినట్టుంటుంది. పరీక్ష: బొమ్మ పక్కన 6బీతో నొక్కి ఒక చిన్న గడి నింపడం. బొమ్మలో ఎక్కడా ఆ నలుపు దరిదాపుల్లోకి రాకపోతే సగం స్థాయిలు వాడకుండా వదిలేసినట్టే.

బయట గీసేవాళ్ళకు చెన్నై ఎండ ఒక ఇబ్బంది. ఊరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మూడో వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. ఆ వేళకు భవనాల గోడలన్నీ ఒకే టోన్‌లో ఉంటాయి, మనుషుల కళ్ళు గుంటల్లో పడతాయి. ఉదయం ఎనిమిదిన్నరలోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఒక గోడ వెలుగులో, పక్క గోడ నీడలో దొరుకుతుంది. అయితే నీడ గంటకు 15 డిగ్రీలు జరిగే సూర్యుణ్ణి అనుసరిస్తుంది కాబట్టి మొదటి ఐదు నిమిషాల్లోనే నీడల హద్దు గీసేసి, తర్వాత అది ఎటు కదిలినా పట్టించుకోకూడదు. కదిలే నీడ వెంట పడితే ఒకే బొమ్మలో రెండు పూటల వెలుగు చేరుతుంది.

పర్‌స్పెక్టివ్ పుస్తకాలతో కుస్తీ పట్టేకంటే మెరీనాలో అరగంట నిలబడితే ఎక్కువ తెలుస్తుంది. సముద్రపు అంచు గీత ఎప్పుడూ చూసేవాళ్ళ కంటి మట్టంలో ఉంటుంది. నిలబడి చూస్తే, అదే ఎత్తున్న మనుషుల తలలన్నీ ఎంత దూరంలో ఉన్నా ఆ గీత మీదే ఉంటాయి. దూరం పోయేకొద్దీ పాదాలే పైకి జరుగుతాయి. ఇసుకలో కూర్చుని చూస్తే ఆ గీత నిలబడినవాళ్ళ నడుముకు కాస్త కిందుగా కోస్తుంది. దగ్గరి మనిషికైనా దూరపు మనిషికైనా అదే చోట. నీళ్ళ దగ్గర ఇసుక వాలుతుంది కాబట్టి అక్కడివాళ్ళు కొంచెం దిగి కనిపిస్తారు, అంతే. గుంపును గీసినప్పుడు కొందరు గాలిలో తేలుతున్నట్టు, కొందరు గోతిలో ఉన్నట్టు వచ్చేది ఈ లెక్క తెలియకే.

మనిషి

మూడో ఏడాది మనిషి. బొమ్మల్లో ఎక్కువమంది మొదలుపెట్టేది ఇక్కడే, ఆగిపోయేదీ ఇక్కడే. ముఖంతో మొదలుపెట్టి కిందికి దిగుతారు. పాదాల దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోతుంది, లేదా మనిషి పడిపోతున్నట్టుంటాడు. వరుస మార్చాలి: తల నుంచి బరువు మోసే పాదం దాకా ఒక గీత, దాని మీద భుజాల వాలు, తుంటి వాలు, పాదాలు. ముఖం చివర్న, వీలుంటేనే. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషిని ఎదురుగా చూస్తే గొంతు గుంట నుంచి వదిలిన తూకం దారం ఆ పాదం మడమ దగ్గర పడుతుంది. బరువున్న వైపు తుంటి లేస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది. బొమ్మ నిలబడడం లేదనిపిస్తే ముందు ఈ దారం వేసి చూడాలి.

కదిలే మనిషి దగ్గరికి వెళ్ళేముందు కదలని మనిషి కావాలి. ఎగ్మూరు మ్యూజియం కంచు విగ్రహాల గ్యాలరీలో త్రిభంగిలో, అంటే ఒళ్ళు మూడు చోట్ల వంచి, నిలబడ్డ పార్వతి ముందు గంట గడిపితే తుంటికీ భుజానికీ ఉన్న ఎదురు వాలు చేతికి ఎక్కుతుంది. ఒకే విగ్రహాన్ని ఎదురు నుంచి, పక్క నుంచి, మూడొంతుల కోణం నుంచి మూడు షీట్లుగా గీయాలి. ఒకే కోణంలో గీస్తే నేర్చుకున్నది అంచు గీత మాత్రమే. అక్కడే ఉన్న అమరావతి ఫలకాలు వేరే పాఠం. అవి పల్నాటి సున్నపురాయిలో మలిచినవి. అరచేయి మందం లోతులో గుంపులు గుంపులుగా మనుషులు, ఒకరి వెనక ఒకరు. ఎవరు ఎవరిని ఎక్కడ కప్పుతున్నారో గమనిస్తే, నీడల సాయం లేకుండానే ముందూ వెనకా ఎలా చెప్పవచ్చో తెలుస్తుంది. సిబ్బందిని అడిగి, పెన్సిల్ మాత్రమే వాడితే మంచిది. మెరీనా ఉత్తరపు కొసన దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రామిక విజయం శిల్పం ఉంది: బండను కదిలిస్తున్న నలుగురు మనుషులు. పని ఒకటే, నాలుగు ఒళ్ళూ నాలుగు రకాలుగా బరువును నెడుతుంటాయి. ఉదయం సముద్రం వైపు నుంచి పడే ఎండలో కండరాల హద్దులు స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ తర్వాత లోకల్ రైలు. బీచ్–తాంబరం మార్గంలో స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య రెండు మూడు నిమిషాలే. అంతకంటే నికార్సయిన టైమరు దొరకదు: బండి కదిలితే మొదలు, ఆగితే కొత్త పేజీ. కునుకు తీసేవాళ్ళు, ఫోన్ చూసేవాళ్ళు, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డవాళ్ళు. కుదుపుకు గీతలు చెదురుతాయి. వాటిని శుభ్రం చేయాలని చూడకూడదు. ఎవరినీ తేరిపార చూస్తూ గీయడం మర్యాద కాదు, ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే పుస్తకం మూసేయడమే సరి. చేతులు, చెప్పులు, ఒళ్ళో సంచులు గీస్తే ఆ బెడదే లేదు. ఇంటికొచ్చాక అసలు పని ఉంది: ఆ రోజు స్కెచ్‌లలో నిలబడని మూడింటిని ఏరి, ఎక్కడ తూకం తప్పిందో ఎర్ర పెన్సిల్‌తో దిద్ది, పక్కనే జ్ఞాపకం నుంచి మళ్ళీ గీయాలి. ఈ మెట్టు వదిలేసి వందల పేజీలు నింపేవాళ్ళకు మిగిలేది వేగం మాత్రమే. అదే తప్పును ఇదివరకటికంటే చకచకా చేస్తారు.

మధ్యలో వచ్చే ఎండు కాలం

రోజుకు 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు వేసుకుంటే ఏడాదికి దాదాపు 230 గంటలు. ఆదివారం ఒక్కసారే నాలుగున్నర గంటలు కూర్చున్నా లెక్క అదే అవుతుంది కానీ ఫలితం అదే కాదు. రెండో గంట దాటాక పరీక్షించే ఓపిక ముందు పోతుంది, గీసే చేయి మాత్రం సాగుతూనే ఉంటుంది. 45లో ఐదు నిమిషాలు గీతలకు, పాతిక నిమిషాలు ఆ నెల ఎంచుకున్న ఒక్క అంశానికి, మిగతా పావుగంట నచ్చిన బొమ్మకు. చివరి పావుగంటను విలాసమని తీసేసినవాళ్ళు సాధారణంగా మూడు నెలల్లో మొత్తం మానేస్తారు.

ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య ఎప్పుడో బొమ్మలు వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. పోవడం లేదు. కన్ను ముందుకెళ్ళింది, చేయి ఇంకా అక్కడే ఉంది. నిరుడు కనబడని తప్పులు ఇప్పుడు కనబడుతున్నాయి. ఈ దశలో కొత్త పెన్సిళ్ళు కొంటారు, ట్యాబ్లెట్‌కు మారతారు, కొత్త క్లాసులో చేరతారు. వీటికంటే చవకైన పని ఒకటుంది. చివరి ఇరవై షీట్లు నేల మీద పరిచి, ఒక్కొక్కదానిలో అన్నిటికంటే పెద్ద తప్పు నిష్పత్తిదా, కోణానిదా, టోన్‌దా, అంచులదా అని వెనక రాసి లెక్కపెట్టాలి. సాధారణంగా ఒక పద్దు కింద సగానికి పైగా వచ్చి పడతాయి. వచ్చే నెల పని అదే. అంచుల పద్దు ఎక్కువైతే, అన్నిటి చుట్టూ తీగ చుట్టినట్టు ఒకే మందం గీత వేస్తున్నారని అర్థం. వస్తువు కింద పడే నీడ, వస్తువుకు ఆనుకున్న చోట పదునుగా ఉండి దూరమయ్యేకొద్దీ మెత్తబడాలి; అక్కడ మొదలుపెట్టవచ్చు.

నకలు, శైలి, జ్ఞాపకం

ఫొటో మీద గళ్ళు కొట్టి పెద్ద చేయడం నేరమేమీ కాదు. మౌంట్ రోడ్డు సినిమా బ్యానర్లు వేసిన ఆర్టిస్టులు స్టిల్స్‌ను అలాగే పెంచారు. కాకపోతే వాళ్ళకు గళ్ళు లేకుండానే గీయడం వచ్చు, గడువు కోసం గళ్ళు వాడారు. నేర్చుకునే దశలో గళ్ళు చేసే పని, కొలిచే బాధ్యతను కంటి నుంచి తీసేయడం. మూడేళ్లు గళ్ళతో గీసినవాళ్ళు గళ్ళు లేని రోజున మొదటి రోజు దగ్గరే ఉంటారు.

తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇంకో రకం నకలు ఎక్కువ: బాపు గీత. కోలకళ్ళు, వాలుజడ, నాలుగు గీతల్లో తెగిన నడుము. చూసి గీస్తే అచ్చుగుద్దినట్టే వస్తుంది. అదే అమ్మాయిని తల అటు తిప్పి కూర్చోబెట్టమంటే చేయి ఆగిపోతుంది. బాపు వదిలేసిన గీతల వెనక వదిలేయవచ్చని తెలిసిన శరీర నిర్మాణం ఉంది. నకలు చేసేవాళ్ళు మిగిలిన గీతలనే నేర్చుకుంటారు. నకలు పనికిరావాలంటే అది పరీక్షగా కూడా మారాలి. ఒక బొమ్మను చూసి గీశాక, ఆ మనిషినే ఇంకో కోణం నుంచి చూడకుండా గీయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ తెలియని నిర్మాణం ఉన్నట్టు. వాన్ గోహ్ 1880లో, 27 ఏళ్ల వయసులో బొమ్మల్లోకి దిగి ఫ్రెంచి చిత్రకారుడు బార్గ్ రూపొందించిన డ్రాయింగు ఫలకాలను చూసి పదేపదే నకలు చేశాడు. అక్కడితో ఆగక అదే సమయంలో పొలాల్లో, గనుల దగ్గర మనుషులను గీశాడు.

నాలుగో ఏడాది నుంచి జ్ఞాపకానికి చోటివ్వాలి. 1947లో మద్రాసులో మొదలైన చందమామకు బొమ్మలు వేసినవాళ్ళు రాక్షసులనూ కోటలనూ అడవులనూ నెలనెలా ఊహించి గీయాల్సి వచ్చేది. మద్రాసు ఆర్టు స్కూల్లో చదివిన శంకర్ దశాబ్దాల పాటు విక్రమ బేతాళ కథలకు వేసిన బొమ్మల్లో ఎవరూ మోడలుగా కూర్చోలేదు, అయినా భుజాన శవంతో నడిచే రాజు బరువు సరిగ్గా ఒక కాలి మీద పడుతుంది. ఆ స్థాయికి దారి ఇలా: వస్తువును రెండు నిమిషాలు చూడాలి, పెన్సిల్ ముట్టుకోకూడదు. వెనక్కి తిరిగి ఐదు నిమిషాలు గీయాలి. మళ్ళీ చూసి ఎర్రగీతతో దిద్దాలి. ఆ షీటు తిరగేసి రెండోసారి గీయాలి. మొదట స్టీలు గ్లాసు, తర్వాత స్కూటరు, తర్వాత పీటల మీద కూర్చున్న మనిషి. స్కూటరు దగ్గర అందరూ ఓడిపోతారు. రోజూ చూసే బండి హ్యాండిలు ఎక్కడ వంగుతుందో ఎవరికీ తెలియదు.

ఇన్నేళ్ల షీట్లు దాచడం చెన్నైలో ఒక సమస్యే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కాట్రిడ్జి కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది, గోధుమరంగు బూజు మచ్చలు పడతాయి. మెత్తబడిన కాగితం మీద గట్టి పెన్సిల్ గాడి పెడుతుంది, చెరిపితే పోదు; ఆ నెలల్లో 2బీ కంటే గట్టి పెన్సిల్ వాడకుండా ఉండడం మేలు. దాచేవాటిని బయటి గోడకు ఆనుకున్న అలమరాలో కాకుండా లోపలి గదిలో, సిలికా పొట్లాలు వేసిన మూత ఫైలులో, షీటుకూ షీటుకూ మధ్య పలచటి కాగితం పెట్టి పడుకోబెట్టాలి. ల్యామినేషన్ వద్దు. అన్నీ దాచనక్కర్లేదు. ప్రతి జనవరిలోనూ జూలైలోనూ అదే గ్లాసు, అదే కుర్చీ, అద్దంలో అదే ముఖం, ఒక్కోదానికి గంట చొప్పున గీసి తేదీ వేసినవి ఏడాదికి ఆరు అవుతాయి. అవి, ఎర్రగీతలతో బాగా దిద్దిన మరో ఆరు చాలు. మిగతాది పాత పేపర్లతో పాటు తూకానికి వేసేయవచ్చు.